బతికిన పదహారు పెట్టెలు

ముందు మా నాన్న పెట్టెల గురించి చెప్పాలి. అది చెప్పకపోతే, ఇంగ్లండులో ఒక మఠానికి వెళ్ళి నేను తేనెటీగలు ఎందుకు నేర్చుకున్నానో అర్థం కాదు.

నాన్న చింతపల్లి దగ్గర ఒక ఊళ్ళో బడి పంతులుగా చేశారు. ఇంటి వెనక పనస చెట్టు కింద రెండు చెక్క పెట్టెలు ఉండేవి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళు పోసిన చిప్పలు. వాటిని న్యూటన్ పెట్టెలు అంటారు. 1910ల్లో తిరుచిరాపల్లిలో ఉన్న ఫాదర్ న్యూటన్ అనే క్రైస్తవ గురువు మన పుట్ట తేనెటీగకు తగ్గ కొలతలతో చేయించిన పెట్టె అది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు పెంపకం కూడా నేర్పారాయన. దక్షిణాదిలో ఈనాటికీ ఆ పెట్టే నడుస్తోంది. నాన్న ఆదివారం పొద్దున్నే మూత తీసి, ఈగలు పట్టు కట్టుకునే ఒక్కో చెక్క ఫ్రేమూ ఎత్తి నాకు చూపించేవారు. "రాణిని వెతకకు, గుడ్లు వెతుకు. గుడ్డు ఉందంటే రాణి ఉన్నట్టే" అనేవారు.

1992లో, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఆ రెండు పెట్టెలూ పోయాయి. పిల్ల పురుగులు గదుల్లోనే వెల్లకిలా చచ్చి, తలలు పడవ ముక్కులా పైకి లేచి ఉండేవి. నాన్న అగ్గిపుల్లతో ఒకదాన్ని బయటికి లాగితే, నీళ్ళు నింపిన చిన్న సంచిలా వేలాడింది. అది థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రెండు మూడేళ్ళలో దక్షిణాది అంతటా పుట్ట తేనెటీగలు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన ఈగలు ఒక మధ్యాహ్నం లేచిపోయాయి. నాన్న పెట్టెలు కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టారు. ఆ తర్వాత వాటి మాట ఎత్తలేదు.

నేను నర్సునై, 2009లో ఇంగ్లండు వచ్చాను. డెవాన్ జిల్లాలో ఉంటాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పని. కోవిడ్ రోజుల తర్వాత సెలవు వస్తే చాలు, ఇంట్లో కూర్చోలేక ఎటో ఒకవైపు నడిచేదాన్ని. అలా ఒకరోజు డార్ట్ నది పక్కనున్న బక్‌ఫాస్ట్ మఠానికి వెళ్ళాను.

ఆ మఠం మొదట కట్టింది 1018లో. 1539లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో మూతపడింది. 1882లో ఫ్రాన్సు నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసులు మళ్ళీ తెరిచారు. ఇప్పుడు కనిపించే పెద్ద రాతి చర్చిని ఏళ్ళ తరబడి సన్యాసులే తమ చేతులతో కట్టుకున్నారు. నేను లోపల కాసేపు కూర్చుని బయటికొచ్చి, తోట దాటి నడుస్తుంటే ఆ వాసన తగిలింది. వేడెక్కిన మైనం, కొంచెం పులిసిన పుప్పొడి, పొగ. ముప్పై ఏళ్ళ తర్వాత మా పనస చెట్టు కింద నిలబడ్డట్టయింది. అక్కడ తేనెటీగల పెంపకం నేర్పుతారని ఆ రోజే తెలిసింది. 2022 వసంతంలో క్లాసుకు చేరాను.

మొదటి రోజు పెట్టె తెరవనివ్వలేదు. ఒక్కొక్కరినీ ఒక్కో పెట్టె పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, అరగంట సేపు గుమ్మం మాత్రం చూడమన్నారు. ఏం కనిపిస్తే అది కాగితం మీద రాయాలి. మొదటి పది నిమిషాలూ ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి, అంతే. తర్వాత ఒక్కొక్కటే కనబడసాగాయి. కాళ్ళకు పసుపు ముద్దలతో వచ్చేవి కొన్ని, నారింజ రంగు ముద్దలతో కొన్ని. ఒక ఈగ గుమ్మంలో తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి, రెక్కలు ఆడిస్తూ కదలకుండా నిలబడింది. మరొకటి చచ్చిన తోటి ఈగను ఈడ్చుకుంటూ వచ్చి గడప కిందికి తోసేసింది. అరగంట తర్వాత టీచరమ్మ నా కాగితం చదివి, పుప్పొడి లోపలికి పోతోందంటే లోపల సాకాల్సిన పిల్లలున్నట్టే కదా అన్నారు. మూత తీయకుండానే సగం సంగతి తెలుస్తుందని ఆవిడ అన్నప్పుడు మా వార్డులో సీనియర్ సిస్టర్ మాట గుర్తొచ్చింది. బిడ్డను ముట్టుకునే ముందు బిడ్డను చూడు అంటుందావిడ.

ఈ మఠం పేరు తేనెటీగలవాళ్ళందరికీ తెలియడానికి కారణం బ్రదర్ ఆడమ్. ఆయన అసలు పేరు కార్ల్ కెర్లే. 1898లో జర్మనీలో పుట్టారు. 1910లో, పన్నెండేళ్ళు కూడా నిండకుండానే తల్లి ఇక్కడికి పంపింది. చర్చి కట్టే రాతి పనిలో పెట్టారు కానీ ఆ బరువు పనికి ఒళ్ళు సహకరించలేదు. దాంతో 1915లో ఈగల పని చూస్తున్న పెద్ద సన్యాసికి సాయంగా పంపారు.

సరిగ్గా అప్పుడే బ్రిటన్ తేనెటీగలు చచ్చిపోతున్నాయి. ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో మొదలైన రోగం కావడంతో ఆ దీవి పేరే పెట్టారు. ఈగలు ఎగరలేక గడ్డిలో పాక్కుంటూ పోయి చచ్చేవి. ఊపిరి గొట్టాల్లో చేరే ఒక సన్నని నల్లి దీనికి కారణమని 1921లో ప్రకటించారు. మఠంలో 46 పెట్టెలుంటే 1915 చలికాలం దాటేసరికి 30 పోయాయి. మిగిలినవి 16.

క్లాసులో ఈ సంగతి చెబుతున్నప్పుడు చర్చి గంటలు మోగాయి, టీచరమ్మ ఆగారు. ఆ ఆగిన కాసేపట్లో నాకు మా రెండు పెట్టెలే కళ్ళముందు మెదిలాయి. గంటలు ఆగాక ఆవిడ అసలు మాట చెప్పారు. బ్రదర్ ఆడమ్ ఆ పదహారింటినీ పట్టి చూశారట, ఇవి ఎందుకు చావలేదని. చచ్చినవి ఇక్కడి నల్ల ఈగలు. బతికినవాటిలో ఇటలీ నుంచి తెప్పించిన రాణుల రక్తం ఉంది. అంటే రోగాన్ని తట్టుకునే గుణం తల్లి నుంచి పిల్లకు వస్తుంది. వస్తుందంటే ఆ గుణాన్ని ఎంచుకుని పెంచవచ్చు. ఆయన డెబ్బై ఏళ్ళ పని అంతా అక్కడే మొదలైంది.

మా ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాన్నను తప్పుపట్టడానికి అనటం లేదు, ఆయనకు ఉన్నవి రెండే పెట్టెలు, రెండూ పోయాయి. కానీ పైన గూడెం పక్కన చెట్టు తొర్రల్లో కొన్ని పుట్టలైనా మిగిలే ఉంటాయి. అవి ఎందుకు మిగిలాయని ఎవరైనా చూశారా? ఆ రాత్రి నాన్నకు వీడియో కాల్ చేసి పదహారు పెట్టెల కథ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మనవాటికి కూడా అలా చూడాల్సింది అమ్మలూ" అన్నారు చివరికి.

ఆ ఎండాకాలం ఒకాయన దగ్గర ఒక చిన్న పెట్టె ఈగలు కొన్నాను. రాణి వీపు మీద పసుపు చుక్క. ఏ ఏడు పుట్టిన రాణో తెలియడానికి ప్రపంచమంతా ఒకటే రంగుల వరస వాడతారు. తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మళ్ళీ తెలుపు. 2022కి పసుపు. ఎంత నెమ్మదైన ఈగలంటే, గ్లవ్స్ లేకుండా ఫ్రేమ్ ఎత్తినా పట్టు మీద కదలకుండా తమ పని తాము చేసుకునేవి.

2023 మే నెలలో ఆ రాణి సగం ఈగలను వెంటబెట్టుకుని లేచిపోయింది. నేను రెండు నైట్ షిఫ్టులు చేసి వచ్చి, చూడాల్సిన రోజున చూడలేదు. పెట్టెలో మిగిలిన ఈగలు కొత్త రాణిని తయారుచేసుకున్నాయి, అది బయట గాలిలో ఎక్కడో జతకట్టి వచ్చింది. జులైకల్లా ఆ పెట్టె పక్కకు వెళ్ళలేకపోయాం. మూత కొంచెం లేపితే చాలు, వంద ఈగలు ముసుగుకు కొట్టుకునేవి. వెనక్కి వస్తుంటే ఇంటి తలుపుదాకా వెంటపడేవి. ఒకరోజు పక్కింటి ముసలావిడ బట్టలు ఆరేస్తుంటే కనురెప్ప మీద కుట్టింది. ముఖమంతా వాచిపోయి వచ్చి, "నాకేం ఫరవాలేదులే" అందావిడ. నాకు ఏడుపొచ్చింది.

మా తేనెటీగల సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. డార్ట్‌మూర్ కొండనేల అంచున ఆయన ఇల్లు. ఎనభై దాటాయి. ఇక్కడి పాత మనుషుల్లాగే ఎవరినైనా "మై లవర్" అనే పిలుస్తారు. డెవాన్‌లో అది మనం "అమ్మా", "నాయనా" అన్నట్టు. ఆయన వచ్చి పెట్టె చూసి, ఈ గొడవకు మందు ఒకటే, రాణిని తీసేయాలి అన్నారు.

తీసేయడమంటే చంపడం. మూడు రోజులు వాయిదా వేశాను. పనిలో అరచేతిలో పట్టేంత బిడ్డలకు ఊపిరి నిలబెడుతూ గడిపేదాన్ని. ఇంటికొచ్చి ఒక ఆరోగ్యమైన ప్రాణాన్ని, కేవలం దాని పిల్లలకు కోపం ఎక్కువని, ఎలా చంపను? నాలుగో రోజు సాయంత్రం ఆయనే పొగడబ్బా పట్టుకున్నారు, నేను వెతికాను. ఏడో ఫ్రేమ్ మీద కనిపించింది. పొడవుగా, నల్లగా, ఏ తప్పూ తెలియకుండా ఒక గదిలో తల పెట్టి చూసి, తిరిగి వెనక భాగం దింపి గుడ్డు పెడుతోంది. గుడ్డు పెట్టి బయటికొచ్చేదాకా ఆగాను. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కాను. చిన్న చప్పుడు. ఆయన ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డారు.

మర్నాడు ఆయన పెంచిన రాణిని చిన్న పంజరంలో పెట్టి ఆ పెట్టెలో దించాం. ఎండాకాలంలో కూలి ఈగ బతికేది ఆరు వారాలు. పాత రాణి పిల్లలు ఒక్కొక్కటే రాలిపోయి, కొత్త రాణి పిల్లలు వాటి చోటులోకి వచ్చాయి. సెప్టెంబరు మొదటి వారంలో మూత తీస్తే ఒక్క ఈగ కూడా పైకి లేవలేదు. అదే పెట్టె, అదే చోటు, అవే పూలు, మారింది తల్లి ఒక్కటే. వంశం ఎంచుకోవడం అంటే ఏమిటో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రానిది ఆ రోజు నా ఒంటికి తెలిసింది. రాణులను పెంచడం నాకు నేర్పమని ఆయన్ని అడిగాను. చలికాలం పోనీ అన్నారు.

2024 మే 26. ఆయన షెడ్డులో బల్ల మీద తడిగుడ్డ, కరెంటు దీపం, పక్కన కెటిల్‌లో నీళ్ళు ఆవిరి కక్కుతూ. గాలి పొడిగా ఉంటే పురుగు ఎండిపోతుంది. ఆయన దగ్గరున్న రాణుల్లో అన్నిటికన్నా మంచి రాణి ఫ్రేమ్ నా ముందు పెట్టారు. ఏది మంచిదో ఊరికే చెప్పలేదు. మూడేళ్ళ పుస్తకం తెరిచి చూపించారు. ఒక్కో పెట్టెకూ ఒక పేజీ. తేనె ఎంత, కోపం ఎంత, లేచిపోవాలని చూసిందా, చలికాలం ఎన్ని ఫ్రేముల ఈగలతో దాటింది, రోగం పట్టిన పిల్లను తామే లాగి పారేశాయా. తేనె ఎక్కువిచ్చిన రాణి పేజీ మీద అడ్డగీత ఉంది. ఎందుకని అడిగితే, ప్రతి మే నెలలోనూ లేచిపోతుందన్నారు. బ్రదర్ ఆడమ్ కూడా ఏ ఒక్క గుణం వెంటా పడలేదట. బాగా గుడ్లు పెట్టడం, పనిలో చురుకు, రోగాన్ని తట్టుకోవడం, లేచిపోయే బుద్ధి తక్కువ కావడం, నెమ్మది, ఇవన్నీ ఒకే రాణిలో కుదరాలని చూసేవారు.

గుడ్డు మూడు రోజులు గుడ్డుగా ఉంటుంది. పగిలిన మొదటి రోజు పురుగునే తీయాలి. ఆ వయసులో ఏ ఆడ పురుగైనా రాణి కాగలదు, కూలి ఈగా కాగలదు. ఏ గదిలో పెడతారు, ఏం తినిపిస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. దీపం కింద చూస్తే గది అడుగున తెల్లని పాల చుక్క, అందులో నెలవంకలా వంగి తేలుతున్న ఒక పోగు. దాని వీపు కిందికి సన్నని పుల్ల జార్చి, పాలతో సహా ఎత్తి, మైనంతో చేసిన చిన్న గిన్నెలో దించాలి. ఎలా పడుకుని ఉందో అలాగే దించాలి, తిరగబడితే ఊపిరాడక చస్తుంది. నెలలు నిండని బిడ్డ చేతి నరంలో సూది పెట్టేటప్పుడు ఊపిరి ఎలా బిగపడతామో అలాగే బిగపట్టాను. మొదటి మూడూ పాడుచేశాను. నాలుగోది పాలతో సహా జారి గిన్నెలో కూర్చుంది.

ఇరవై గిన్నెలు నింపి, రాణి లేని బలమైన పెట్టెలో దించాం. తల్లిలేని ఈగలు వాటిని చూసి వెంటనే సాకడం మొదలుపెడతాయి. మర్నాడు చూస్తే ఏడింటినే అందుకున్నాయి. ఆ ఏడు గిన్నెలకూ మైనం అంచులు లేచి, కిందికి వేలాడే వేరుశనక్కాయల్లా పెరగసాగాయి. ఐదో రోజుకు మూత పడ్డాయి. అప్పటినుంచి రెండు మూడు రోజులు వాటిని కదిలించకూడదు, లోపల రెక్కలూ కాళ్ళూ ఏర్పడుతుంటాయి. పదో రోజున ఒక్కో గదినీ కోసి, రెండేసి గరిటెల ఈగలున్న చిన్న చిన్న పెట్టెల్లో పెట్టాం. పన్నెండో రోజుకి ఐదు రాణులు బయటికొచ్చాయి.

ఇక మిగిలింది మన చేతుల్లో లేని పని. పుట్టిన వారంలో రాణి ఎగరాలి, గాలిలో పది ఇరవై పోతు ఈగలతో జతకట్టాలి, తిరిగి ఇంటికి రావాలి. దానికి ఎండ కావాలి, గాలి తగ్గాలి. ఆ జూన్ మొదటి పక్షం చలి, జల్లులు. నేను వార్డు కిటికీలోంచి ఆకాశం చూస్తూ టెన్షన్ పడేదాన్ని. మూడు నాలుగు వారాల్లో జతకట్టలేకపోతే ఆ రాణి ఇక పోతు గుడ్లే పెడుతుంది, ఆ పెట్టె అంతరిస్తుంది. ఐదింటిలో ఒకటి కనిపించకుండా పోయింది. మూడు పనికిరాలేదు. ఒక్కదాని పట్టులో మాత్రం, నెల చివర్లో, గదికొకటి చొప్పున సన్నని తెల్లని గుడ్లు నిలబడి ఉన్నాయి. నాన్న మాటే గుర్తొచ్చింది. ఆ రాణి వీపు మీద ఆకుపచ్చ చుక్క పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

జులైలో మళ్ళీ చేశాం. ఈసారి ఇరవైకి పద్నాలుగు అందుకున్నాయి, తొమ్మిది రాణులు దక్కాయి.

జతకట్టే సంగతి దగ్గరే బ్రదర్ ఆడమ్ పని గొప్పతనం అర్థమవుతుంది. మంచి తల్లిని ఎంచుకోవడం తేలిక. తండ్రులను ఎంచుకోవడం ఎలా? గాలిలో ఎవరి పోతులు ఎగురుతాయో ఎవరికి తెలుసు? పోతు ఈగకు తండ్రి ఉండడు, పోతు బీజం కలవని గుడ్డులోంచి పుడుతుంది. తాత మాత్రం ఉంటాడు. కాబట్టి పోతులను ఎంచుకోవాలంటే వాటి తల్లిని ఎంచుకోవాలి, చుట్టుపక్కల వేరే ఈగలు లేని చోటు వెతకాలి. ఆయన 1925లో డార్ట్‌మూర్ మీద షెర్బర్టన్ అనే చోట ఆ ఏర్పాటు చేశారు. చలికాలపు గాలికి అక్కడ మామూలు ఈగలు బతకలేవు. ఎండాకాలంలో తను తెచ్చిన పోతులు తప్ప గాలిలో ఇంకేవీ ఉండవు. పెద్దాయన నన్ను ఆ వైపు తీసుకెళ్ళారు. పేర్చిన రాళ్ళ గోడలు, వంగిన గడ్డి, అక్కడక్కడా గుర్రాలు. జులైలో కూడా స్వెటర్ లేకుండా నిలబడలేకపోయాను. సైకిలూ బస్సూ కాలంలో ఒక సన్యాసి ఇక్కడికి రాణులను మోసుకొచ్చాడని తలుచుకుంటే నోట మాట రాలేదు.

1950 నుంచి ఆయన మేలు జాతులు వెతుక్కుంటూ ఊళ్ళు పట్టి తిరిగారు. ఇటలీ, గ్రీసు, టర్కీ, ఈజిప్టు, మొరాకో. ఎనభై తొమ్మిదో ఏట, 1987లో, కొండ ఈగ కోసం కిలిమంజారోకు కూడా వెళ్ళారు. తెచ్చినవాటిని కలిపి, ఏళ్ళ తరబడి వడపోసి స్థిరపరిచిందే బక్‌ఫాస్ట్ ఈగ. ఈరోజు జర్మనీ, డెన్మార్క్ లాంటి దేశాల్లో దాన్ని తరం తరం రాసుకుంటూ పెంచేవాళ్ళున్నారు. 1992లో ఆయన ఈగల బాధ్యత వదిలేశారు. వర్రోవా అనే ఎర్ర నల్లి బ్రిటన్‌లో మొదట కనిపించింది కూడా అదే ఏడు, మఠానికి ఎంతో దూరం లేని టార్కీ అనే ఊళ్ళో. మా పెట్టెలు పోయిన ఏడు కూడా అదే. ఆయన 1996లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పోయారు.

మఠం ఇప్పుడు రాణులను పెంచి అమ్మే పని పెట్టుకోలేదు. నేర్పడమే పని. మొదట్లో నాకు ఇది నష్టమనిపించింది. అంత పెద్ద వంశాన్ని ఎలా వదిలేశారు అని. ఇప్పుడు అలా అనిపించదు. ఇతర దేశాల ఈగలను కలపడంలో చిక్కులున్నాయి. రెండో మూడో తరంలో ఆ మంచి గుణాలు చెదిరి, నా 2023 పెట్టెలా కోపిష్టివి పుట్టవచ్చు. పక్కవాళ్ళ ఈగల రక్తమూ మారుతుంది. ఇక్కడి నల్ల ఈగ పూర్తిగా పోయిందని బ్రదర్ ఆడమ్ నమ్మారు, కానీ దాని రక్తం బ్రిటన్‌లో ఇంకా మిగిలే ఉందని తర్వాతి పరీక్షల్లో తేలింది. బయటినుంచి తెచ్చుకోవడం కాదు, ఉన్నచోట బతికినవాటినుంచే ఎంచుకోవాలని నాకనిపిస్తుంది. ఆయన తెచ్చిన ఈగలకన్నా ఆయన చూసిన పద్ధతి పెద్దది. ఇదే మాట పెద్దాయనతో అంటే ఒప్పుకోలేదు. ఆయన బక్‌ఫాస్ట్ ఈగ మనిషి. ఆ వాదన మా మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

ఆగస్టులో పెట్టెలను కొండనేల మీద హీదర్ అనే పొద పూతకు తీసుకెళ్ళాం. కనుచూపు మేర ఊదారంగు. ఆ తేనె జున్నులా గడ్డకట్టి ఉంటుంది, కదిపితే పలచబడుతుంది, వదిలేస్తే మళ్ళీ గడ్డకడుతుంది. మామూలు తేనెలా తిప్పి తీయలేం, పట్టును పిండాల్సిందే. కొంచెం చేదు. నాన్న చింతపల్లి తేనె గురించి కూడా అలాగే అనేవారు, చివర్లో చేదు తగిలితేనే అడవి తేనె అని.

2025 జూన్‌లో నాన్న వచ్చారు. డెబ్బై ఆరేళ్ళు. ఇచ్చిన ముసుగు వేసుకోలేదు. పెట్టె పక్కన కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, ముందు గుమ్మం చూశారు. తర్వాత నేను ఫ్రేమ్ ఎత్తి చేతికిచ్చాను. "ఎంత పెద్ద ఈగ!" అన్నారు. ఎండకు తిప్పి గుడ్లు చూశారు. అంచున ఉబ్బిన మూతలు వేలితో తడిమి, "ఇవి పోతు గదులేనా?" అన్నారు.

"అవును నాన్నా."

"మూత మీద చిల్లు లేదేం?"

ఆ ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగలేరు. మన పుట్ట తేనెటీగ పోతు గది మూత మీద నడిమధ్య సూది గుచ్చినట్టు ఒక చిల్లు ఉంటుంది. ఈ ఈగకు ఉండదు. పెద్దాయన ఎనభై ఏళ్ళలో అది ఎన్నడూ చూడలేదు. నేను అనువదించి చెబితే ఆయన నాన్న పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎర్ర నల్లి అసలు మన ఈగ మీద పుట్టిందే. మన ఈగకు దానితో ఎప్పటినుంచో పరిచయం. ఒంటి మీది నల్లిని దులుపుకుంటుంది, కొరుకుతుంది. నల్లి కూడా పోతు గదుల్లోనే పిల్లలు పెడుతుంది, కూలి ఈగల జోలికి పెద్దగా పోదు. అందుకే అది మన ఈగను ముంచలేదు. ఇక్కడి ఈగకు ఆ అలవాటు లేక లక్షల పెట్టెలు పోయాయి. ఇద్దరు ముసలివాళ్ళూ నన్ను మధ్యలో పెట్టుకుని రెండు గంటలు మాట్లాడుకున్నారు. నాన్న అగ్గిపుల్ల అడిగి, ఒక పోతు గది విప్పి, లోపలి తెల్లని పిల్లను అరచేతిలో పెట్టుకుని ఎర్ర నల్లి ఉందేమోనని వెతికారు. 1992లో లాగింది కూడా అలాగే.

ఆదివారం ఆయన్ని మఠానికి తీసుకెళ్ళాను. నేను ఇప్పుడు మా సంఘంలో కొత్తవాళ్ళకు నేర్పుతాను. మొదటి రోజు స్టూలూ కాగితమూ ఇచ్చి గుమ్మం దగ్గరే కూర్చోబెడతాను. ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నానో నాన్నకు చూపించాలనిపించింది. తోటలో నిలబడి ఆయన ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, అటక మీది పెట్టెలకు చెదలు పట్టాయో లేదో అన్నారు.

పట్టలేదట. డిసెంబరులో గూడెం తాతతో వెళ్ళి, చెట్టు తొర్రల్లోంచి మూడు పుట్టలు తెచ్చి దించారు. అన్నీ ఆ చుట్టుపక్కలే ఏళ్ళ తరబడి ఎవరి సాయమూ లేకుండా బతుకుతున్నవి. ఒకటి పది రోజుల్లోనే లేచిపోయింది. మిగిలిన రెండింటిలో ఏ పెట్టె ఈగల నుంచి కొత్త రాణులను పెంచాలని మొన్న ఫోన్లో అడిగారు.

"ఏది ఎలా ఉందో రాశారా నాన్నా?" అన్నాను.

"ఆగు" అని కళ్ళద్దాలు వెతుక్కుని వచ్చారు. బడి నోటు పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "పనస చెట్టు పెట్టె. ఆరు ఫ్రేములు. జనవరి నెలంతా పుప్పొడి వచ్చింది. ఒకసారి కుట్టింది, అది నా తప్పే. చచ్చిన పిల్ల కనిపించలేదు. బావి పక్కది. నాలుగు ఫ్రేములు. రెండు గదుల్లో పిల్ల వెల్లకిలా ఉంది, మర్నాటికి ఈగలే లాగి పారేశాయి. ఇది రెండుసార్లు రాసుకున్నాను అమ్మలూ, నువ్వు అడుగుతావని."